ఓడిన రోజు టీ

రేవు దగ్గర ముసలయ్య టీకొట్టుకి రెండు కట్టుబాట్లున్నాయి. మా కాలేజీ కబడ్డీ జట్టు ఓడిన రోజు టీలో చక్కెర పడదు. కలెక్టరొచ్చి కూర్చున్నా పడదు. షుగరు జబ్బున్నవాళ్ళు "మాకేం తేడా లేదండి" అని నవ్వబోతే, "తమరు గెలిచిన రోజు కూడా ఓడిపోయినవాళ్ళేనండి, ఏం చేస్తాం" అంటాడు ముసలయ్య. రెండో కట్టుబాటు, సీజను నడిచినన్నాళ్ళూ కోచ్‌లూ ఆటగాళ్ళూ ఆ కొట్టు దరిదాపులకి రాకూడదు. వాళ్ళు ఎదురుగా ఉంటే మర్యాదగా మాట్లాడాలి, మర్యాదగా మాట్లాడితే ఆట బాగుపడదు అని ఆయన వాదన. నరసాపురంలో ఈ రెండింటికీ ఉన్న విలువ ట్రాఫిక్ రూల్స్‌కి లేదు.

కోచ్ పెళ్ళాం రావచ్చా అన్నది మాత్రం ఎవరూ తేల్చలేదు. తేల్చేలోపు నేనే వెళ్ళి కూర్చున్నాను. మొదటి రోజు అందరూ గ్లాసుల్లోకి చూస్తూ కూర్చున్నారు. "నేను ఆయన తరఫున రాలేదు. టీ తాగడానికొచ్చాను. ఎక్కడ ఆపారో అక్కణ్ణించి కానివ్వండి" అన్నాను. లేసు అల్లే ఆడవాళ్ళ తరఫున ఏజెంట్లతో బజార్లో గొడవపడ్డ నోరు నాది. ఆ నోటి సంగతి అందరికీ తెలుసు. నాలుగు మ్యాచ్‌లయ్యేసరికి నా ముందే మా ఆయన్ని తిట్టడం అలవాటు చేసుకున్నారు. నేనూ వినడం అలవాటు చేసుకున్నాను.

మా ఆయన వీరబ్రహ్మం. పగలు హార్బరు వైపు ఐసు ఫ్యాక్టరీలో మెషీన్ ఆపరేటరు. పొద్దునా సాయంత్రం కాలేజీ జట్టుకి రైడింగ్ కోచ్. డిఫెన్స్ నేర్పేది బుల్లబ్బాయిగారు, ఇద్దరి పైనా పీడీ రమేష్ బాబుగారు. పట్టుకోవడం బుల్లబ్బాయిగారి బాధ్యత, అవతలి కోర్టులోకి వెళ్ళి ముట్టుకుని బతికి రావడం మా ఆయన బాధ్యత. అందుకే తిట్లన్నీ మా ఆయనకే. పట్టలేకపోతే అవతలివాడు గట్టివాడంటారు, దొరికిపోతే నేర్పినవాడు చవట అంటారు.

ఇంట్లో మాత్రం కబడ్డీ మాట లేదు. పెళ్ళయిన కొత్తలోనే చెప్పారు: "ఆటని గ్రౌండు గేటు దగ్గరే వదిలేసి వస్తాను మాణిక్యం. ఇంటికి తేను, నువ్వు తవ్వకు." తవ్వలేదు. ఒకే మ్యాచ్ చూసి, ఆయన ఒక దారిన నేనొక దారిన ఇంటికొచ్చి, చింతచిగురు పప్పు గురించి మాట్లాడుకున్న రోజులు లెక్కలేనన్ని. మా అత్తగారు వీరమ్మ మాత్రం ఒక ప్రశ్న అడుగుతుంది, "గెలిచారా?" అని. ఆయన తలూపితే రెండో గరిటె వేస్తుంది. ఊపకపోయినా వేస్తుంది.

ఆ ఏడాది సార్వా కోతలు వానకి తడిసి, ఊళ్ళో ఎవరి మొహమూ బాగోని రోజుల్లో సీజను మొదలైంది. మొదటి మూడు మ్యాచ్‌ల్లో రెండు పోయాయి. రెండూ ఒకేలా పోయాయి. మా రైడర్లు వెళ్తున్నారు, ముట్టుకుంటున్నారు, తిరిగొచ్చేటప్పుడు చీలమండ దగ్గర దొరికిపోతున్నారు.

రెండో ఓటమి నాటి సాయంత్రం కొట్టు నిండిపోయింది. గోదావరి దాటించే పంటు దిగినవాళ్ళు కూడా సైకిళ్ళు ఆపుకుని నిలబడ్డారు.

"కోర్టు దిక్కు బాగోలేదండి. నైరుతిలో ఆ నీళ్ళ ట్యాంకు కట్టినకాడ్నించే ఇది" అన్నాడొకాయన.

"ట్యాంకు మనం గెలిచినప్పుడూ ఉందిగా" అన్నాను.

"అప్పుడు ఖాళీగా ఉండేదండి."

సెల్‌ఫోన్లు బాగుచేసే గణేష్‌బాబు బెంచీ ఎక్కి కూర్చున్నాడు. మా జట్టు మ్యాచ్‌లన్నీ ఫోన్లో తీసి, నెమ్మదిగా తిప్పి తిప్పి చూస్తాడు. వాడి పెళ్ళి వీడియో కూడా వాడు అన్నిసార్లు చూసి ఉండడు. "వాస్తూ లేదు, గీస్తూ లేదు. ఇది చూడండి" అని మా రైడరు మణిదీప్ దొరికిపోయిన రైడు పెట్టి ఫోను చాపాడు. "మణిదీప్ ముట్టుకున్నాడు. బాగానే ఉందా? ఇప్పుడు తిరుగుతున్నాడు. మడమ చూడండి. మడమ గుచ్చి తిరుగుతున్నాడు. ఇసుకలో ఎలా తిరుగుతారో అలా. ఇసుకలో మడమ దిగుతుంది, దిగినచోట నుంచి ఒళ్ళు తిప్పితే జారి వచ్చేస్తుంది. మ్యాట్ మీద బూటు జారదు కదండీ. అతుక్కుపోతుంది. ఆ అతుక్కున్న క్షణంలోనే అవతలివాడు కాలు లాగేస్తున్నాడు."

"అయితే?" అన్నాడు ముసలయ్య, టీ వడపోస్తూ.

"అయితే ఏంటండి, రైడింగ్ కోచ్‌ని మార్చాలి. లోకమంతా మ్యాట్ మీద పరిగెడుతుంటే బ్రహ్మంగారు ఇంకా తెల్లారగానే పిల్లల్ని గోదావరి లంక ఇసుకలోకి తోలుకెళ్తున్నారు. మ్యాట్ కొనడానికి మనమంతా చందాలేశాం. దేనికండి, ఎండబెట్టుకోడానికా?"

"ఆ ఇసుకలోంచే దుర్గాసాయి వచ్చాడు" అన్నాడు ముసలయ్య. "ఈ జిల్లాలో అలాంటి రైడరు మళ్ళీ పుట్టలేదండి. ఆయ్."

"ఆ పుట్టినవాడు రెండేళ్ళాడి కూర్చున్నాడండి. ఇప్పుడు కుంటుతున్నాడు."

ఆ మాట గణేష్‌బాబు ఎటకారానికే అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. మళ్ళీ నీళ్ళ ట్యాంకు మీదకి వెళ్ళిపోయారు. నేను మాత్రం ఆ వీడియో ఇంకోసారి వెయ్యమన్నాను. ఇంకోసారి. మణిదీప్ మడమ గుచ్చాడు, ఒళ్ళు తిరిగింది, కాలు తిరగలేదు. మోకాలు ఒకవైపు, పాదం ఒకవైపు. అది నేను ఇంతకుముందు చూశాను. వీడియోలో కాదు, ఎదురుగా.

దుర్గాసాయి మా ఇంట్లో తిని పెరిగాడు. వాళ్ళది పంటు అవతల ఊరు. పొద్దున ప్రాక్టీసుకి తొలి పంటు అందదని మా వసారాలో పడుకునేవాడు. మా అత్తగారు వాడికి పెట్టినంత నెయ్యి కన్నకొడుక్కి పెట్టలేదు. రైడింగుకి వెళ్తే వాడి కూత గ్యాలరీ చివరిదాకా వినబడేది. అలాంటివాడు మ్యాట్ మీద ఒక మ్యాచ్‌లో, ఎవరూ ముట్టుకోకుండానే, తిరుగుతూ తిరుగుతూ కూలిపోయాడు. అవతలి జట్టువాడు తన్నాడని మావాళ్ళు గోల చేశారు. మా ఆయన కూడా అదే నమ్మారు. వాడూ కాదనలేదు. మోకాలికి ఆపరేషనయ్యాక ఆట వదిలేసి, కోచింగ్ కోర్సు చేసి, జంగారెడ్డిగూడెంలో ఒక స్కూల్లో వ్యాయామం నేర్పుకుంటున్నాడు.

తర్వాతి వారం సొంత కోర్టులో ఆడుతూ మణిదీప్ పడ్డాడు. ఎవరూ ముట్టుకోలేదు. మోకాలు పట్టుకుని, కూత ఆపకుండా, పాక్కుంటూ మధ్య గీత దాకా వచ్చాడు. గ్యాలరీ అంతా లేచి చప్పట్లు కొట్టింది. నాకు చేతులు రాలేదు. వాపే, చీలలేదు, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకుంటే సరిపోతుందన్నాడు డాక్టరు. ఈసారికి అన్నాడు.

గ్రౌండు బయట నిలబడే దుర్గాసాయికి ఫోన్ చేశాను.

"ఏరా, నీ మోకాలు ఎలా పోయింది?"

"అదేంటి పిన్నీ, ఇప్పుడెందుకు?"

"అడిగినదానికి చెప్పు. వాడు తన్నాడా?"

అవతల స్కూలు గంట మోగింది. పిల్లల అరుపులు. "అవన్నీ వదిలెయ్యండి పిన్నీ. గురువుగారు బాగున్నారా? నానమ్మకి దగ్గు తగ్గిందా?"

"తన్నాడా లేదా?"

"క్లాసుంది పిన్నీ" అని పెట్టేశాడు.

మర్నాడు పొద్దున్న మా ఆయన ఇసుక నుంచి వచ్చి పంపు దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నారు. ఆయన కాళ్ళకి ఇసుక ఎంత కడిగినా పోదు, గోళ్ళ మూలల్లో మెరుస్తూనే ఉంటుంది. తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడ్డాను.

"ఒక మాట. ఇంట్లో ఆట గురించి మాట్లాడొద్దన్నారు. ఇన్నేళ్ళూ మాట్లాడలేదు. ఇవాళ మాట్లాడతాను."

ఆయన పంపు కట్టేశారు.

"మడమ మీద తిప్పడం ఇసుకలో బాగుంటుంది. బూటు వేసుకుని మ్యాట్ మీద అలా తిరిగితే మోకాలు పోతుంది. మణిదీప్‌కి ఈసారి తప్పింది. దుర్గాసాయికి తప్పలేదు. వాణ్ణెవరూ తన్నలేదు."

"వాడు చెప్పాడా?"

"చెప్పలేదు. ఎంత అడిగినా చెప్పలేదు. అందుకే నమ్మాను."

ఆయన తువ్వాలు తీసుకుని ఒక్కొక్క వేలూ తుడుచుకున్నారు. కోపం వస్తుందనుకున్నాను. కోపమొస్తే నాకు తేలిక, నేనూ అరుస్తాను. అది రాలేదు. వంటింట్లోంచి మా అత్తగారు "ఇడ్లీ ఆరిపోతోంది, మీ మీటింగేదో తింటూ పెట్టుకోండి" అంది.

"మీరు నేర్పే పద్ధతి మార్చలేరా?" అన్నాను.

"నా కాలికి అదొక్కటే వచ్చు మాణిక్యం. చేసి చూపించకుండా నేర్పడం నాకు రాదు. నోటితో ఒకటి చెప్పి కాలితో ఒకటి చేస్తే పిల్లలు కాలునే చూస్తారు." తువ్వాలు దండెం మీద వేసి, "కొట్టు దగ్గర ఏమనుకుంటున్నారు?" అని అడిగారు. జన్మలో మొదటిసారి అడిగారు.

"మార్చాలంటున్నారు. ఆదివారం అందరూ కూర్చుంటున్నారు. పీడీగారు కూడా వస్తున్నారు. అందరూ ఒక మాట మీదుంటే ప్రిన్సిపాల్‌తో మాట్లాడతానన్నారట."

"నువ్వేమంటావు?"

"మీకు చెప్పాక చెప్దామనే ఆగాను. ఇంట్లో ఒకటి, బయట ఒకటి నాకు చేతకాదు."

"అయితే అక్కడే చెప్పు" అన్నారు. "ఇంట్లో చెప్తే పెళ్ళాం గొణిగినట్టుంటుంది. అక్కడ చెప్తే ఆట చూసే మనిషి చెప్పినట్టుంటుంది. అప్పుడు నేను వినాలి, తప్పదు."

ఇడ్లీలు తిని డ్యూటీకి వెళ్ళిపోయారు. మా అత్తగారు పళ్ళెం తీస్తూ నా వైపు చూసి, "ఏం చేశావే వాణ్ణి, రెండోసారి చట్నీ అడగలేదు" అంది.

ఆదివారం ముసలయ్య బయట ఇంకో రెండు బెంచీలు వేయించాడు. పీడీ రమేష్ బాబుగారు తెల్ల టీషర్టు వేసుకుని, ఎవరి పక్షమూ కాదన్నట్టు స్తంభానికి ఆనుకుని నిలబడ్డారు. గణేష్‌బాబు ఫోను తిప్పాడు. మొదట వేళాకోళంగా, తర్వాత నిజంగానే ఆవేశపడి మాట్లాడాడు. బ్రహ్మంగారంటే గౌరవమే, కానీ గౌరవానికి పాయింట్లు ఇవ్వరు కదండీ అన్నాడు. ఇంకొకాయన రైడింగ్ కోచ్‌తో పాటు డిఫెన్సూ పీడీ అందరూ మారాలన్నాడు. పీడీగారు స్తంభానికి ఇంకొంచెం అతుక్కున్నారు. నీళ్ళ ట్యాంకు ఆయన ఆ రోజు కూడా వచ్చాడు.

ముసలయ్య గిన్నె దించి ముందుకొచ్చాడు. "ఆయనకి జీతమిచ్చామా? బత్తెమిచ్చామా? డ్యూటీ దిగి, అన్నం తిన్నాడో లేదో, గ్రౌండుకి పరిగెత్తాడు. ఎండొచ్చినా వానొచ్చినా ఆ ఇసుకలో నిలబడ్డాడు. ఇవాళ ఫోనులో మడమ కనబడిందని పొమ్మంటారా? ఆయన్ని తీసేస్తే ఆయనకింకేం మిగుల్తుందండి?"

ఆ ప్రశ్నకి జవాబు అందరికీ తెలుసు, నాకు అందరికంటే ఎక్కువ తెలుసు. ఆయన ఐసు ఫ్యాక్టరీ నుంచి ఇంటికొచ్చే నడక వేరు, గ్రౌండుకెళ్ళే నడక వేరు. ఆ రెండో నడకే లేకపోతే మా ఇంటికి వచ్చే మనిషి ఎలా ఉంటాడో నాకు తెలియదు. ఆ వారమంతా నేను భయపడ్డది దానికే.

"అక్కగారు చెప్పాలి" అన్నాడు గణేష్‌బాబు నెమ్మదిగా. ఎటకారం లేదు. "మీరు వద్దంటే మేం మానేస్తామండి."

లేచి నిలబడ్డాను.

"మార్చాలి" అన్నాను. "పాయింట్ల కోసం కాదు. పాయింట్లు పోతే చక్కెర లేని టీ తాగుతాం, అంతే. మోకాళ్ళ కోసం. పాక్కుంటూ వచ్చినవాడికి మనం చప్పట్లు కొట్టాం. వాడు ఎందుకు పడ్డాడని ఒక్కరూ అడగలేదు. నేను అడిగాను. మా ఆయనకి ముందే చెప్పి వచ్చాను. ఆయన తెలిసి చెయ్యలేదు. తెలిశాక కూడా చెయ్యనిస్తే తప్పు మనది."

కూర్చున్నాను. పీడీగారు స్తంభం వదిలేశారు. గణేష్‌బాబు ఫోను జేబులో పెట్టుకున్నాడు, గెలిచినవాడిలా లేడు. మనుషులు ఒక్కొక్కరే సైకిళ్ళ వైపు నడిచారు.

ఆ రోజు మ్యాచ్ లేదు. అయినా ముసలయ్య నా చేతికిచ్చిన టీలో చక్కెర లేదు. తాగి వచ్చేశాను.

మర్నాడు పీడీగారు మా ఇంటికొచ్చి, సలహాదారు అనో, పెద్దదిక్కు అనో ఒక పదవి పేరు వెతుక్కుంటూ కూర్చున్నారు. మా ఆయన లోపలికెళ్ళి మేకుకి వేలాడుతున్న ఈల తెచ్చి ఆయన చేతిలో పెట్టారు.

"పేర్లెందుకండి. దుర్గాసాయిని పిలవండి. వాడు రానంటాడు. నేను పిలిచానని చెప్పండి, వస్తాడు."

వచ్చాడు. వాళ్ళ స్కూల్లో సెలవు పెట్టి, బ్యాగు భుజాన వేసుకుని, గేటు దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రాడు. ఒకప్పుడు ఆ గేటు తీయకుండా దూకి వచ్చేవాడు.

"ఏరా, గేటుకి రంగు వేశామని చూస్తున్నావా?" అంది మా అత్తగారు. "లోపలికి రా. నీకోసం బొమ్మిడాయిల పులుసు పెట్టాను. నువ్వొస్తావని నాకెవరూ చెప్పలేదు, వాసనకి నువ్వే వస్తావని పెట్టాను."

వాడు నవ్వబోయి ఆపుకున్నాడు. మెట్ల మీద కూర్చున్న గురువుగారి వైపు చూశాడు. "నేను ఈ పని చెయ్యలేనండి. మీరుండగా నేనెలా..."

"ఇలా రా. కూర్చో. కాలు చాపు."

వాడు కూర్చుని కాలు చాపాడు. మా ఆయన వాడి ప్యాంటు మోకాలి పైకి మడిచారు. ఆపరేషన్ మచ్చ పొడుగ్గా, తెల్లగా ఉంది. బొటనవేలు దాని మీద పెట్టి, పైనుంచి కిందికి, వైద్యుడు చూసినట్టు చూశారు.

"ఎవడూ తన్నలేదు కదరా?"

వాడు తల దించుకున్నాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరు గ్రౌండుకి రావడం మానేస్తారని."

మా ఆయన ప్యాంటు కిందికి దించి, బట్ట సరిచేసి, లేచారు. "అన్నం తిను. సాయంత్రం ప్రాక్టీసు ఉంది" అన్నారు. చొక్కా వేసుకుని, ఆ పూట డ్యూటీ లేకపోయినా ఫ్యాక్టరీకి వెళ్ళిపోయారు.

తర్వాత మాకు కష్టకాలం. ఆటకి కాదు, ఇంటికి. ఆట బాగానే ఉంది. దుర్గాసాయి పిల్లల్ని ఇసుక మాన్పించి, మ్యాట్ మీద ముందు వేళ్ళ మీద తిరగడం నేర్పాడు. తన కాలు ఆడని చోట సుద్దతో గీతలు గీసి చూపించాడు. మణిదీప్ కోలుకుని వచ్చాక చేప జారినట్టు జారిపోతున్నాడు. వరసగా గెలిచాం. ముసలయ్య చక్కెర డబ్బా గలగల్లాడింది. దాళ్వా నాట్లు పడి, కాలవ గట్లు పచ్చబడి, ఊరి మొహం కూడా కాస్త తేటపడింది. గణేష్‌బాబు దుర్గాసాయి ఫోటోతో ఫ్లెక్సీ కట్టించాడు. దాని మీద వాడి పేరు కంటే గణేష్‌బాబు షాపు పేరు పెద్దది.

మా ఇంట్లో మాత్రం మాటలు తగ్గాయి. ఆయన నాతో కోపంగా లేరు. ఉప్పు తక్కువైతే చెప్పేవారు, కరెంటు బిల్లు కట్టేవారు, అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేవారు. మ్యాచ్ రోజున ఇంకొకరి షిఫ్టు అడిగి మరీ వేయించుకునేవారు. దుర్గాసాయి మళ్ళీ వసారాలో పడుకుంటున్నాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తినేవారు, ఆట మాట రాకుండా. మా అత్తగారు "గెలిచారా?" అని ఎవర్ని అడగాలో తెలియక ఇద్దరి మధ్యలోకీ చూసి అడిగేది. దుర్గాసాయి పళ్ళెంలోకి చూస్తూ తలూపేవాడు. ఆమె ఇద్దరికీ వడ్డించేది.

పొద్దున్నే లేచే అలవాటు పోక, ఆయన లేచి అరుగు మీద కూర్చునేవారు. కాళ్ళకి ఇసుక లేదు. గోళ్ళు శుభ్రంగా ఉండేవి. అది చూడలేక నేను లోపలికి వెళ్ళిపోయేదాన్ని. అయినా నేనన్నది తప్పని ఒక్కసారి కూడా అనుకోలేదు. చెయ్యాల్సిన పని చేసినంత మాత్రాన నొప్పి తగ్గాలని ఎక్కడుంది?

ఫైనలు రాజమండ్రిలో. జంగారెడ్డిగూడెం జట్టు మీద. వ్యాను కట్టించుకుని అందరం వెళ్ళాం. ముసలయ్య కూడా కొట్టు కొడుక్కి అప్పగించి వచ్చాడు. మా ఆయన్ని కూడా రమ్మన్నాను. "డ్యూటీ" అన్నారు.

చివరి నిమిషం దాకా సమానంగా నడిచింది. ఆఖరి రైడు మాది. ముట్టుకుని వస్తే గెలుపు, ఉత్త చేతులతో వస్తే ఔటు. మణిదీప్ వెళ్ళాడు. మూలనున్నవాణ్ణి ముట్టుకున్నాడు, వేళ్ళ మీద తిరిగాడు, చక్కగా తిరిగాడు. ఇద్దరు చేతులు కలిపి అడ్డం పడ్డారు. వాళ్ళని ఈడ్చుకుంటూ గీత వైపు వచ్చాడు. జానెడు దూరంలో కూత ఆగిపోయింది. ఊపిరి చాలలేదు. ఓడిపోయాం.

మోకాలు బాగానే ఉంది. లేచి, దులుపుకుని, నడుచుకుంటూ వచ్చాడు. నేను ముందు అదే చూశాను.

వ్యాను రేవు దగ్గర దింపేసరికి పొద్దు వాలుతోంది. ముసలయ్య కొడుకు దగ్గర్నుంచి పొయ్యి అందుకుని ఎవరినీ అడక్కుండా గ్లాసులు వరసపెట్టాడు. రెండు గుక్కలు పడ్డాయో లేదో మొదలైంది.

"దమ్ము లేదండి. ఇసుకలో పరిగెత్తిన రోజుల్లో ఇలా కూత ఆగిందా ఎప్పుడైనా?"

"అదే నేననేది" అన్నాడు గణేష్‌బాబు. "సుద్దగీతలు గీస్తే ఊపిరొస్తుందా? కుర్రాడికి అనుభవం లేదు. రైడింగ్ కోచ్‌ని మార్చాల్సిందే. బ్రహ్మంగారుంటే..."

"నీ ఫ్లెక్సీ ఇంకా దింపలేదు గణేష్‌బాబూ" అన్నాను.

"గాలికి చిరిగిందండి."

ఇంకేదో గట్టిగా అనబోతున్నాను. అందరూ రోడ్డు వైపు చూస్తున్నారు. మా ఆయన ఫ్యాక్టరీ చొక్కాతోనే సైకిలు స్టాండు వేసి వస్తున్నారు. మోచేతుల దాకా తడి. ముసలయ్య అలవాటుకొద్దీ చెయ్యి అడ్డం పెట్టాడు. "తమరు రాకూడదండి, సీజను..."

"నేనిప్పుడు కోచ్‌ని కాదు కదా ముసలయ్యగారూ."

ముసలయ్య చెయ్యి దించాడు. నేను జరిగి చోటిచ్చాను. ఆయన నా పక్కన బెంచీ మీద కూర్చున్నారు. ఇన్నేళ్ళలో ఆ బెంచీ మీద మేమిద్దరం పక్కపక్కన కూర్చోవడం అదే మొదలు.

"ఏదో అంటున్నారు, ఆపేశారేంటి" అన్నారు గణేష్‌బాబుతో.

"ఏం లేదండి బ్రహ్మంగారూ..."

"దుర్గాసాయిని మార్చాలన్నారు. విన్నాను. నాకు ఎన్నేళ్ళిచ్చారు? వాడికి ఒక్క సీజను కూడా పూర్తిగా ఇవ్వలేదు. సగంలో చేతికిస్తే ఫైనలుకి తీసుకెళ్ళాడు. మోకాళ్ళన్నీ ఇంటికి తెచ్చాడు. ఇంకేం కావాలి మీకు?"

"దమ్ము లేదు కదండీ" అన్నాడు నీళ్ళ ట్యాంకు ఆయన ధైర్యం చేసి.

"అది నిజమే. ఇసుకలో పరిగెత్తించాలి. తిరగడం వద్దు, పరుగు వరకూ."

"పరుగు కూడా బూట్లతోనే" అన్నాను.

"ఇసుకలో బూట్లేంటి? నీకేం తెలుసు?"

"మడమ సంగతి తెలిసినట్టే ఇదీ తెలుసు."

బెంచీ చివర ఎవరో నవ్వి, దగ్గుగా మార్చుకున్నారు. మా ఆయన నా వైపు తిరిగి చూశారు, ఆ పంపు దగ్గరి పొద్దు తర్వాత మొదటిసారి తిన్నగా. ముసలయ్య గ్లాసు తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన ఒక గుక్క తాగి, మొహం చిట్లించి, గ్లాసులోకి చూశారు.

"ఇదేంటి, ఇంత వగరుగా ఉంది?"

"ఓడిన రోజు ఇంతేనండి" అన్నాడు ముసలయ్య.

"ఇన్నాళ్ళూ నేను ఓడించిన రోజులన్నీ మీరు ఇదే తాగారా?"

"ఆయ్. తాగామండి."

ఆయన ఆగకుండా అడుగుదాకా తాగేశారు. గ్లాసు బెంచీ కింద పెట్టి, చేతులు చొక్కాకి తుడుచుకుని, నా వైపు జరిగారు.

"ఇప్పుడు చెప్పు. ఆ చివరి రైడు, మొదట్నించి."